బోరు దగ్గరి వాచీ

మా అన్న నా వంతు నీళ్లు దొంగిలించాడని మా ఊళ్లో ఇప్పటికీ అనుకునేవాళ్లున్నారు. ఆ మాట పుట్టించింది నేనే. అందుకే జరిగింది రాస్తున్నాను.

మా ఇద్దరి చీనీ చెట్లకూ, అంటే బత్తాయి చెట్లకు, ఒకటే బోరు. నాయన పోయేముందు తన చేతివాచీని స్టార్టరు పెట్టె మీది మేకుకు తగిలించి, దాన్ని చూసే వంతులు మార్చుకోమన్నాడు. ఇంట్లో ఎన్ని ఫోన్లున్నా ఆ పద్ధతి మారలేదు. మొన్న ఎండాకాలంలో మాత్రం నేను ఫోను చూసుకుంటూ తోటకు పోయాను. నా వంతు మొదలై చాలాసేపయింది. నీళ్లింకా అన్న చెట్లకే పారుతున్నాయి. మేకుకున్న వాచీలో మాత్రం ఇంకా అన్న వంతే.

"ముల్లు వెనక్కి తిప్పి నా నీళ్లు మింగుతాండావా?" అన్నాను, కూలీల ముందే.

అన్న వాచీ తీసి నా చేతిలో పెట్టాడు. "నువ్వే పెట్టుకోప్పా" అన్నాడు. ఆ తర్వాత నాతో మాట మానేశాడు.

ఇంటికి తెచ్చిన వాచీ మంచం మీద పెడితే ఆగింది, తడితే నడిచింది. బ్యాటరీ అయిపోయిందనుకుని యాడికి ఊళ్లో కొత్తది కొనుక్కొచ్చాను. గుడ్డ పరిచి, వెనక మూత సందులో చాకు మొన పెట్టి తిప్పితే మూత లేచింది. బ్యాటరీ మీద మడతపెట్టిన వెండికాగితం ముక్క.

అది నేను పెట్టిందే. పోయినేడు పలచటి బ్యాటరీ వేసి, వదులుగా ఉంటే టీపొడి పొట్లం కాగితం కుక్కాను. ఫ్యూజు పోతే ఏదో తీగ చుట్టి మోటారు నడిపే చేతులు మావి. వాచీకీ అదే వైద్యం చేశాను. మోటారు వేసిన ప్రతిసారీ స్టార్టరు పెట్టె అదురుతుంది, కాగితం జరుగుతుంది, వాచీ కాసేపు ఆగి మళ్లీ నడుస్తుంది.

అన్న ముల్లు ముట్టలేదు! సిగ్గు కన్నా ముందు సంతోషం తన్నుకొచ్చింది. సరైన బ్యాటరీ వేయగానే సెకన్ల ముల్లు కదిలింది. రబ్బరు రింగును గాడిలో సర్ది, మూత అంచుకున్న గంటును వాచీ కీ ఉన్నచోటికి తిప్పి నొక్కాను. పడలేదు. బొటనవేళ్లు ఎర్రబడ్డాయి.

"బోరు మోటారు పైకి లాగినోనివి, బిళ్లంత మూత పట్టదా?" అంది నా భార్య.

మూత తెరిచిన వాచీని గుడ్డలో పెట్టుకుని తోటకు పరుగెత్తాను. అన్న కూలీలతో పాదులు తీయిస్తున్నాడు. కాగితం చూపించి, "అన్నా, తప్పు నాది. ఇది కుక్కింది నేనే" అన్నాను.

"నాకెందుకు చెప్తావు? ఎవురి ముందర అన్నావో వాళ్లకు చెప్పు."

కూలీల వైపు తిరిగి మొత్తం చెప్పాను. ఒకామె పార ఆపి, "అయితే మీ నీళ్లు తాగింది టీపొడి పొట్లమా సామీ?" అంది. అందరూ నవ్వారు. అన్న నవ్వలేదు గాని వాచీ అందుకున్నాడు.

"యాడ నొక్కల్ల?"

నా బొటనవేళ్లు ఒక అంచున, అతనివి మరో అంచున. ఇద్దరం ఊపిరి బిగబట్టి నొక్కాం. టక్కుమని మూత కూర్చుంది.

అన్న దాన్ని చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. తర్వాత నాకిచ్చి, "టైము నీ ఫోను చూసే పెట్టు. మళ్లీ నామీద పడకుండా" అన్నాడు.

ఫోను చూసి ముల్లు సరిచేశాను. అప్పుడు అన్న వంతు. గేటు వాల్వు నేనే అతని చెట్లకు తిప్పాను.