కేబినెట్‌తో ఊరికే వచ్చిన వాట్లు

ఇవాళ ఖమ్మంలో ఒక కంప్యూటర్ షాపులో కాలిన పవర్ సప్లై వాసన తగిలింది. మన ఈడు వాళ్లకు ఆ కమురు గుర్తుండే ఉంటుంది.

పినపాకలో మా మొదటి కంప్యూటర్ మీద అమ్మ అల్లికల గుడ్డ కప్పేది. లోపల మాత్రం కేబినెట్‌తో ఊరికే ఇచ్చిన డొల్ల పవర్ సప్లై డబ్బా, దాని మీద 450 వాట్లని స్టిక్కర్. గేమ్‌ల కోసం నేను గ్రాఫిక్స్ కార్డు పెట్టించిన రోజే అది కాలి, హార్డ్‌డిస్కునూ చంపింది. అక్క ఓణీల ఫంక్షన్ ఫొటోలన్నీ అందులోనే ఉన్నాయి.

"కరెంటోళ్లు ముంచిండ్రు" అన్నాడు బాపు. బోరు లోతు, పైపు పొడవు లెక్కేసి లెక్కేసి మోటారు కొనే మనిషి, దీనికి స్టిక్కర్ నమ్మాడు.

కొత్త కంప్యూటర్ కావాలంటే ఈ షాపాయనా అలాంటి డబ్బానే నా ముందు పెట్టాడు. గ్రాఫిక్స్ కార్డు ఎంత కరెంటు తింటుంది, ప్రాసెసర్ ఎంత తింటుంది అని అడిగాను.

"గవన్నీ ఎవలు లెక్కవెడ్తరు సార్? స్టిక్కర్ మీద రాసున్నది గద."

రాసే ఉంది. మా ఇంట్లో ఓణీలో ఉన్న అక్క ఫొటో ఒక్కటీ లేదు.