కందికట్టెల మీద గాట్లు

గుమ్మఘట్ట చుట్టుపక్కల పల్లెల్లో ఎనిమిదేళ్ళుగా వ్యవసాయ ఆఫీసు తరఫున నేను రైతులకు చెప్పే పాఠం ఒకటే. వాన తీరు మారింది, తొలివానకే చేనంతా చెనిక్కాయ, అదే వేరుశనగ, వేసుకోకండి, కొర్ర, కంది, అలసంద కలిపి వేయండి, ఒకటి పోయినా ఇంకొకటి మిగులుతుంది. దీనికోసం రంగురంగుల గ్రాఫులు గీయించాను. ప్రొజెక్టర్ ఒళ్ళో పెట్టుకుని బస్సుల్లో తిరిగాను. సగం ఇళ్ళలో మాట్లాడేది కన్నడమే కాబట్టి అదీ నేర్చుకున్నాను. అందరూ బుద్ధిగా తలలూపేవాళ్ళు. వాన పడగానే చేనంతా చెనిక్కాయే వేసేవాళ్ళు.

ఒక పల్లెలో నా గ్రాఫు సగంలో ఉండగా కరెంటు పోయింది. వెనక కూర్చున్న ఒకామె లేచి ఇంటికి వెళ్ళి, చిన్న కందికట్టెల మోపు తెచ్చింది. ఇంచుమించు నా వయసే ఉంటుంది. నాలుగెకరాల మెట్ట చేను ఒక్కతే చూసుకుంటుంది. బడి మొహం ఎరగదు.

తొలివాన పడితే చేలో చేత్తో తవ్వి, తడి ఎంత లోతుకు దిగిందో చూడడం ఇక్కడ అందరికీ అలవాటే. ఆ తడినే పదును అంటారు. జానెడు పదును, మూరెడు పదును అని చెప్పుకుంటారు. ఆమె ఏటా ఆ లోతుకు సరిగ్గా ఒక కందికట్టె కోసి, మళ్ళీ పదును తగిలేదాకా వాన లేని వారానికొక గాటు పెట్టి, వంటింటి చూరులో దోపి దాచుకుంది. పొగకు అవన్నీ నల్లబడ్డాయి.

"ఇది మా చిన్నది పుట్టిన ఏడుది. రెండే గాట్లుండాయి సూడండి. ఇది పోయినేడుది. గాట్లు మీరే ఎంచి సూసుకోండప్పా."

కట్టె చేతులు మారింది. ఒక పెద్దాయన గాట్ల మీద బొటనవేలు రాస్తూ, "పోయినేడే కదా నా ఇత్తనమంతా భూమిలోనే మాడిపాయ" అన్నాడు. ఆ ఏడు ఊళ్ళో సగం మంది చెనిక్కాయ సాళ్ళ మధ్య కందీ అలసందా వేశారు.

నేను సంతోషించాలి. సంతోషించలేదు. కడుపు మండిపోయింది. ఎనిమిదేళ్ళు నేను గొంతు చించుకుంటే రానిది, ఆమె చీపురుపుల్లంత కట్టె చూపించి ఒక్క పూటలో తెచ్చుకుంది. ఆఫీసుకు రాసిన రిపోర్టులో 'స్థానిక పద్ధతి ద్వారా అవగాహన కల్పించాం' అని రాశాను. ఆమె మాట ఎక్కడా ఎత్తలేదు.

మరుసటేడు నన్ను కణేకల్ వైపు ఒక ఊరికి పంపారు. కాలువ నీళ్ళు ఆ ఊరి చేలదాకా ఎక్కవు. ఆమెను వెంట తీసుకెళ్ళి ఉండొచ్చు. రమ్మంటే వచ్చేదే. కానీ అక్కడ కూడా అందరూ ఆమె మొహమే చూస్తారని, నేను పక్కన నిలబడాల్సి వస్తుందని పిలవలేదు. ఆఫీసులో ఉన్న వాన లెక్కలు ముందు పెట్టుకుని, కూరగాయల కత్తితో నేనే పదిహేను కట్టెలు కోశాను. గాట్లు కూడా పెట్టాను. లెక్క ఎక్కడా తప్పలేదు.

ఆ ఊళ్ళో కట్టెలు పంచాను. ఒకాయన రెండింటిని పక్కపక్కన పెట్టి చూశాడు. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు.

"ఏమమ్మా, ఇవన్నీ ఒగనాడే కోసినట్టుండాయే?"

నేను ఇంకో కట్టె అందించాను.

"ఇది ఎవురి చేనుది?" అని అడిగాడు మళ్ళీ. ఆఫీసు లెక్కకు చేను ఎక్కడుంటుంది?

"మా నేలలో సెయ్యి పెట్టకుండానే మా పదును సెప్తాండావా తల్లీ" అన్నాడు. అందరూ నవ్వారు. ఆ నవ్వుతోనే నా పాఠం అయిపోయింది. పది రోజులకు వాన పడింది. ఊరు ఊరంతా చెనిక్కాయే వేసింది. ఆ తర్వాత మబ్బు మొహం చూపించలేదు. మొలకలు ఎండిపోయాయని విని, ఆ ఊరికి వెళ్ళే ధైర్యం లేక, బస్సెక్కి ఆమె దగ్గరికి వెళ్ళాను.

చేసిందంతా చెప్పాను. కుళ్ళుకున్నానని కూడా చెప్పాను. తిడుతుందనుకున్నాను. ఆమె అలసందలు ఒలుస్తూనే వింది.

"అడిగింటే నావే ఇచ్చింటి కదా మేడం. నేనూ వచ్చింటి" అంది.

తర్వాత లేచి, చూరులోంచి ఈ ఏటి కట్టె తీసింది. ఇంకా పూర్తిగా నల్లబడలేదు. ఆ వారం వాన అక్కడా లేదు, ఇక్కడా లేదు. కట్టెతో పాటు కత్తి కూడా నా చేతికిచ్చింది.

"ఈ వారానిది ఇంగా పెట్టలేదు. నువ్వే పెట్టు."

ఆమె గాట్లు ఆరూ దువ్వెన పళ్ళలా వరసగా ఉన్నాయి. వాటిని చూసి అప్పుడు కూడా కుళ్ళుకున్నాను. ఏడో గాటు నేను పెట్టాను. అది వంకరపోయింది.