చర్చి చుట్టూ ఎదురు ప్రదక్షిణ

నిరుడు మా కోడలు స్వాతికి ఏడో నెల. అంతకుముందు రెండుసార్లు నిలవలేదు. అందుకే ఏ దేవుడి గుడి కనబడినా మూడు ప్రదక్షిణలు చేస్తానని మొక్కుకున్నాను.

అమెరికాలో మా అబ్బాయి వాళ్లుండే కమ్మింగ్ నుంచి ఫ్లోరిడా వెళ్లినప్పుడు, సముద్రం ఒడ్డున గ్రీకులుండే ఊళ్లో వాళ్ల పాత బైజాంటైన్ తరహా చర్చికి వెళ్లాం. బంగారు గుమ్మటం, సాంబ్రాణి పొగ, దూరంగా అలల చప్పుడు. కలలో నడుస్తున్నట్టే ఉంది. ఆ మైకంలో ప్రదక్షిణ మొదలెట్టి, దేవుళ్ల బొమ్మల గోడకున్న తలుపు తోసుకుని లోపలికి పోయాను.

"అత్తయ్యా, స్టాప్! అది వాళ్ల గర్భగుడి!" స్వాతి కేక.

ఎదురుగా నల్లంగీ, తెల్లగడ్డం పూజారి. మొక్కు తీరకపోగా పాపం చుట్టుకుందని చెంపలేసుకున్నాను. నా ఏడో తరగతి ఇంగ్లీషు నాకంటే ముందే పారిపోయింది. స్వాతే అంతా చెప్పింది.

ఆయన నవ్వి, "పండక్కి మేమూ చుట్టూ తిరుగుతాం, కానీ బయట" అన్నారట. బయటికి తీసుకెళ్లి తనూ నడిచారు. తీరా చూస్తే వాళ్లు తిరిగేది మనకు ఎదురు! చర్చి వెనక ఇద్దరం ఎదురుపడి దండాలు పెట్టుకున్నాం.

"అత్తయ్యా, రాంగ్ రూట్! పోలీసులు టికెట్ రాస్తారు!" అంటూ స్వాతి పొట్ట పట్టుకుని నవ్వింది. భయంతో బిగుసుకుపోయి, నెలల తరబడి నా జోకులకి పెదవి కదపని పిల్ల!

మనవరాలు పుట్టాక కూడా, ఆ ఊరి పేరు వింటే ముందు నాకు వినిపించేది ఆ నవ్వే.