కొల్లేటి గట్టు మీద నా వీపు

మా ఇంట్లో నటించనిది హార్మోనియం పెట్టె ఒక్కటే. అమ్మమ్మ, అమ్మ పౌరాణిక నాటకాల్లో వేషాలు కట్టారు, నాన్న చిన్నాచితకా వేషాలేస్తూ ఆ పెట్టె కూడా వాయించారు. కాపురం తాడేపల్లిగూడెంలో. ఏలూరు నుంచి జంగారెడ్డిగూడెం దాకా ఎక్కడ పందిరి వేస్తే అక్కడ నాటకం. ఈ తిరుగుడులో నేను తొమ్మిదో తరగతితో చదువు ఆపేశాను. బడి వాళ్లెవరూ వచ్చి బతిమాలలేదు.

అమ్మ నేర్పిన మొదటి పాఠం, జనానికి వీపు చూపించకూడదని. ఐదేళ్లప్పుడు ఏదో చిన్న వేషంలో ఉండి, వెనక పెట్టె దగ్గర కూర్చున్న నాన్న వైపు తిరిగి చెయ్యి ఊపాను. తెర పడగానే అమ్మ తొడపాశం పెట్టింది.

"జనం చాపలేసుకుని కూర్చుంది నీ వీపు చూడ్డానికా?"

ఆ తర్వాత స్టేజీ మీద నేను వెనక్కి తిరిగింది లేదు. లోపలికి వెళ్లాలన్నా ఎండ్రకాయలా పక్కకే నడిచేదాన్ని.

పోయినేడాది ఒక ఓటీటీ సిరీస్‌లో హీరోయిన్ చెల్లెలి వేషం దొరికింది. కెమెరా ముందు అదే మొదలు. మొదటి రోజు షూటింగు కొల్లేటి దగ్గర, చేపల చెరువు గట్టు మీద. అక్కతో పోట్లాట అయ్యాక, కెమెరాకి వీపు పెట్టి, గట్టు చివరిదాకా నేరుగా నడిచిపోవాలి. మాటల్లేవు. గేదె కూడా చేసేయగల వేషం.

నాలుగడుగులు వేసేసరికి భుజం దానంతటదే కెమెరా వైపు తిరిగిపోయేది. మూడు టేకులు అలాగే పోయాయి. గట్టు మీద కొంగలు కూడా తిన్నగానే నడుస్తున్నాయి.

"ఏవమ్మా, నడవమంటే డాన్సు చేస్తావేంటి?" అన్నారు డైరెక్టరు గారు.

నాలుగోది కూడా పాడయ్యాక ఆయన అసిస్టెంటుతో నెమ్మదిగా, అంటే నాకు వినబడేటంత నెమ్మదిగా అన్నారు. "భోజనాలయ్యేలోపు ఏలూరు నుంచి ఆ రెండో అమ్మాయిని పిలిపించండి. ఈ పిల్ల మీద ఇంకా ఏమీ తీయలేదు కదా, మార్చేద్దాం."

ఐదోసారి పిలుస్తారేమోనని వెళ్లి గట్టు మొదట్లో నిలబడ్డాను.

నాకు తోడొచ్చి గొడుగు కింద కూర్చున్న అమ్మ అంతా వింది. బతిమాలుతుందేమో అనుకున్నాను. లేచి వచ్చి, "ఏవండీ, ఆ గట్టు చివర కిక్కిస గడ్డిలో కూర్చుంటే మీ కెమెరాకి కనబడతానా?" అని డైరెక్టరు గారిని అడిగింది.

"కనబడరండీ. కానీ అదంతా బురదండీ, మీరెందుకు అటు?"

"ఒక్కసారి తీయండి బాబూ. రాకపోతే ఆ అమ్మాయినే పెట్టుకోండి."

కుచ్చెళ్లు ఎగ్గట్టుకుని మోకాళ్ల దాకా బురదలోకి దిగి, నిలువెత్తు గడ్డి పక్కకి తోసి కూలబడింది. అక్కణ్ణుంచి, ఆఖరి వరసకి వినబడే గొంతుతో కేకేసింది.

"ఏమే! జనం ఇటున్నారు. రా!"

అంతే, నా ఒళ్లు మాట వింది. రాణి వేషంలో చప్పట్లు కొట్టించుకున్న మనిషి గడ్డి మధ్యన కూర్చుని, ముక్కు మీద దోమ వాలినా తోలుకోకుండా నన్నే చూస్తోంది. ఆవిడ దగ్గరికే నడిచాను. సగం దారిలో ఏడుపొచ్చింది. కెమెరా వెనకున్న వాళ్లెవరికీ తెలియలేదు.

"ఓకే!" అని వెనక నుంచి కేక. ఏలూరు అమ్మాయికి ఫోను చేయక్కర్లేదని ఇంకో కేక.

లైట్ల వాళ్లిద్దరు అమ్మని పైకి లాగారు. చెప్పుల్లో ఒకటి కొల్లేరు ఉంచేసుకుంది. నేను సీసా నీళ్లతో ఆవిడ కాళ్లు కడుగుతుంటే, "నడక పర్లేదే. భుజాలు కొంచెం వదులు చెయ్యి. ఆ ఏడుస్తూ ముక్కు ఎగబీల్చడం మాత్రం కెమెరా ముందు పెట్టుకోకు" అంది.

థాంక్స్ అందామనుకున్నాను. మా ఇంట్లో ఆ మాట అలవాటు లేదు. ఇప్పుడు కాగితం మీద కాబట్టి ధైర్యంగా అనేస్తున్నాను. ఎదురుగా నిలబడి అంటే, పలకడంలో ఏదో తప్పు పట్టుకుని మళ్లీ అనమంటుంది.