ఎవరు ముట్టుకున్నారు?

మా బాబాయికి ఉన్నది ఒక్కటే జబ్బు. మొరాయించిన కంప్యూటర్ని బాగుచేయమని పిలిస్తే, ముందు ఆ గదిలో ఉన్న మనుషుల్ని విప్పుతాడు. సంచిలోంచి స్క్రూడ్రైవర్ బయటికి రాకముందే ఆయన నోట్లోంచి ఓ కేక బయటికొస్తుంది: "ఎవరు ముట్టుకున్నారు?"

"ఎవరూ ముట్టుకోలేదండీ, దానంతట అదే ఆగిపోయింది" అని ఎవరైనా అన్నారా, వాళ్ళ పని అయిపోయినట్టే.

"దానంతట అదా? దానికి చేతులున్నాయా, కాళ్ళున్నాయా? పక్కింటివాళ్ళ మీద ఏడుపుందా? యంత్రం చెడిపోదండీ, మనిషి చెడగొడతాడు. ఎవరా మనిషి? ముందుకు రమ్మనండి!"

ముప్ఫయ్యేళ్ళుగా ఇదే వరస. పాత డెస్క్‌టాప్‌లు తప్ప ఇంకేవీ ముట్టుకోడు. కొత్తవాటిని జిగురుపెట్టి అతికించేశారని, విప్పే వీల్లేకుండా చేశారని, వాటిని తయారుచేసిన వాళ్ళ మీదా కోపమే. వీధిలో అందరూ ఆయన్ని కంప్యూటర్ పోలీసు అంటారు. ఆ పేరు పెట్టిందెవరో తేల్చడానికి ఒక ఆదివారమంతా విచారణ జరిపాడు కూడా.

పళ్ళ డాక్టరుగారి క్లినిక్‌లో జరిగిన సంగతి అక్కడి నర్సే నాకు చెప్పింది. కంప్యూటర్ మూడు కూతలు కూసి ఆగిపోతోందని పిలిస్తే, బాబాయి వెళ్ళి డాక్టర్నీ, నర్సునీ నిలబెట్టి అడిగి, చివరికి కుర్చీలో నోరు తెరుచుకుని పడుకున్న పేషెంటు మీద పడ్డాడట.

"నువ్వు ముట్టుకున్నావా?"

"ఆ... ఆ..."

"ఆ అంటే ఔననా, కాదనా?"

"ఆయన నోట్లో దూది ఉందండీ" అంది నర్సు.

"అయితే ఉమ్మేసి చెప్పమను! నువ్వెందుకు మధ్యలో వస్తున్నావ్? నీకేం భయం? నువ్వే ముట్టుకున్నావా?"

పొద్దున్నించీ నర్సుని దులిపేస్తున్న డాక్టరుగారు అప్పుడు ఒంటికాలి మీద లేచారట. "మా నర్సుని ఇంకొక్క మాటంటే ఊరుకోను. ఆవిడ బంగారం. మీరు పని చూసుకోండి!" బాబాయి గొణుక్కుంటూ డబ్బా విప్పి, అటూ ఇటూ కెలికి, చివరికి కోటు గుండీ అంత బ్యాటరీ ఒకటి రెండు వేళ్ళతో పైకెత్తి చూపించాడట. "ఇదిగో దొంగ. వయసైపోయింది. మనుషులు చేసిందేమీ లేదు."

ఎక్కడికెళ్ళినా తీర్పు ఇదే. కంప్యూటర్ ఆపేసినా లోపలి గడియారం తిరుగుతూ ఉండటానికి ఓ చిన్న బిళ్ళ బ్యాటరీ ఉంటుంది చూడండి, ప్రతి కేసులోనూ అదే ముద్దాయి. నాకు ఒళ్ళు మండేది ఇక్కడే. చివరికి బ్యాటరీయే అని చెప్పేవాడు ముందు మనుషుల్ని ఎందుకు పీక్కుతినాలి? మా ఇంటిల్లిపాదికీ తలకొట్టేసినట్టు ఉండేది.

పదేళ్ళ వయసులో నేనూ ఆ వరసలో నిలబడ్డాను. అప్పుడు బాబాయి మా ఇంట్లోనే ఉండేవాడు. ముందుగదిలో ఆయన కంప్యూటర్. దానికి ఫ్లాపీ పెట్టే సందు ఒకటి ఉండేది. అది నోరు తెరుచుకుని ఆకలిగా కనిపిస్తే, నేను ఓ బిస్కెట్ లోపలికి తోశాను. అంతే, కంప్యూటర్ నల్లతెర మీద ఓ తెల్లగీత దగ్గర ఆగిపోయి ఇంక కదల్లేదు. బిస్కెట్ సంగతి ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు, మీకే చెబుతున్నాను.

నాన్నని, అమ్మని, నన్ను, పేపరు అడగడానికి వచ్చిన పక్కింటాయన్ని కూడా గోడ పక్కన నిలబెట్టి బాబాయి వేసిన కేకలు ఇప్పటికీ నా చెవుల్లో ఉన్నాయి. ఈ పని నాదేనని అనుమానం వచ్చి చెయ్యెత్తబోయిన నాన్న కూడా, ఆ కేకలు విని తమ్ముడి మీదే విరుచుకుపడ్డాడు. "చిన్నపిల్లని పట్టుకుని ఏమిట్రా ఆ అరుపులు? నీ కంప్యూటర్ని తీసుకెళ్ళి బావిలో పారెయ్!" అని నన్ను ఒళ్ళో కూచోబెట్టుకున్నాడు. బాబాయి తలుపేసుకుని, రెండు గంటలు తంటాలు పడి, బిళ్ళ బ్యాటరీతో బయటికొచ్చాడు. "ఇదిగో దొంగ."

నా గండం గడిచింది. ఆ ఉత్సాహంలో అమ్మ ఎర్ర గోళ్ళరంగు తెచ్చి, దొంగ మళ్ళీ తప్పించుకోకుండా దాని మీద ఇంత లావు చుక్క పెట్టాను. "భేష్. ఇంక ఎక్కడున్నా పట్టేయొచ్చు" అని బాబాయి దాన్ని చొక్కా జేబులో వేసుకున్నాడు.

ఇది జరిగి ఇరవై రెండేళ్ళు. నేనిప్పుడు బడిపిల్లల యూనిఫారాలు కుట్టే కేంద్రంలో పనిచేస్తున్నాను. పిల్లల కొలతలు కంప్యూటర్‌లోకి ఎక్కించడం, కటింగ్ మాస్టారికి చీటీలు తీసివ్వడం నా పని. ఆ కంప్యూటర్ నేను చేరేనాటికే పాతది. అందులో ఆరువందల నలభై మంది పిల్లల భుజాలు, నడుములు, చేతుల పొడవులు ఉన్నాయి. "ఇంకోచోట కాపీ పెడదాం సార్" అని ఓనరుకి మూడుసార్లు చెప్పాను. "ఎందుకమ్మా, అది ఇనప్పెట్టె" అని మూడుసార్లూ నా నోరు మూయించాడు.

కంప్యూటర్ పక్కనే గోడకి ఓ ప్లగ్గుల బోర్డు వేలాడుతుంటుంది. రెణ్ణెల్ల క్రితం మా ఇస్త్రీ అక్క అందులో ఇస్త్రీపెట్టె పెడితే కంప్యూటర్ టప్పుమని ఆగి మళ్ళీ వచ్చింది. ఓనరు అందరి ముందూ ప్రకటించాడు. "ఇంకోసారి ఈ బోర్డులో ఇస్త్రీపెట్టె కనబడిందా, పెట్టినవాళ్ళు మర్నాటి నుంచి పనిలోకి రానక్కర్లేదు." అక్క ప్లగ్గు కిటికీ దగ్గరుంది. అది నిప్పురవ్వలు కక్కుతోందని ఆవిడ రెండుసార్లు మొరపెట్టుకుంది. "చూద్దాం" అన్నాడు. ఇంకా చూస్తూనే ఉన్నాడు. ఏం మనిషో!

మొన్న మంగళవారం భోజనాల నుంచి తిరిగొచ్చి మీట నొక్కాను. లోపల ఫ్యాను అరచుట్టు తిరిగింది, పచ్చలైటు ఓసారి కన్నుకొట్టింది, ఆగిపోయింది. పదిసార్లు నొక్కితే పదిసార్లూ అదే. శనివారానికి బట్టలు అందాలి. ఓనరు మొహం కందగడ్డయింది.

"ఎవరి పనిది? నాకు తెలియాలి. తెలిసిన రోజున వాళ్ళకి ఇక్కడ ఇదే ఆఖరి రోజు!"

కుట్టుమిషన్లు ఒక్కొక్కటే ఆగిపోయాయి. ఇస్త్రీ అక్క ఇస్త్రీపెట్టె తీగని చేతికి చుట్టుకుంటోంది, విప్పుతోంది, మళ్ళీ చుట్టుకుంటోంది. ఇంత పాత యంత్రాన్ని చూసేవాడు మా బాబాయి తప్ప ఎవరూ లేరు. ఎంత గింజుకున్నా వేరే దారి కనబడక, పళ్ళు నూరుకుంటూ ఫోన్ చేశాను.

"బాబాయ్, నీకు దణ్ణం పెడతాను. వచ్చి నోరు మెదపకుండా పని చేసి వెళ్ళు. ఇది నా ఉద్యోగం."

"నేనెప్పుడు మాట్లాడానే?" అన్నాడు, అమాయకంగా.

గుమ్మంలో చెప్పులు విప్పుతూనే మొదలెట్టాడు. "ఎవరు ముట్టుకున్నారు?"

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. కటింగ్ మాస్టారు కత్తెర కింద పెట్టి, "నేను గుడ్డ తప్ప ఏదీ ముట్టుకోనండీ" అన్నాడు. "నేనడిగింది నువ్వేం ముట్టుకోవో కాదు!" అని బాబాయి నా వంక తిరిగి, "నువ్వేనా? చిన్నప్పట్నించీ నీ చెయ్యి ఊరుకోదు" అన్నాడు. నేను కటింగ్ మాస్టారి వెనక్కి జరిగాను. చివరికి ఓనర్ని కూడా, "తమరు? ఓనరైతే చేతులుండవా?" అని నిలదీశాడు.

అప్పుడు ఇస్త్రీ అక్క ఒక్క అడుగు ముందుకేసింది. "బాబూ... మధ్యాన్నం నేను..."

"నోర్ముయ్యమ్మా! నీ వంతొచ్చిందా?" అని బాబాయి పైకప్పు లేచిపోయేలా అరిచాడు. "వరసలో నిలబడ్డం రాదా? వయసొస్తే సరిపోయిందా? ఇలాంటివాళ్ళని పెట్టుకుంటే కంప్యూటరేం ఖర్మ, కొంపే తగలడుతుంది!"

అక్క కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ క్షణంలో బాబాయి నా సొంత బాబాయి కాకపోతే బావుణ్ణనిపించింది. నేను నోరు తెరిచేలోగా ఓనరు తెరిచాడు.

"ఏమయ్యా, ఎవర్ననుకుని మాట్లాడుతున్నావ్? పన్నెండేళ్ళుగా మా అక్క చేతిలో ఒక్క మడత తేడా రాలేదు. నా మనుషుల్ని నా ముందే అంటావా? నీకు చేతనైతే బాగుచెయ్, లేకపోతే దయచెయ్!"

"చేస్తాను. అందరూ బయటికి నడవండి. నాకు జనం పనికిరారు" అన్నాడు బాబాయి. అక్క వంతు రానేలేదు.

టార్చి పట్టుకోవడానికి నన్ను మాత్రం ఉంచాడు. నేను కోపంతో మొహం తిప్పుకుని పట్టుకుంటే, వెలుతురు గదంతా తిరుగుతోంది. ఆయన అదేమీ పట్టించుకోకుండా మెమొరీ ముక్కలు పీకి, రబ్బరుతో తుడిచి, మళ్ళీ గుచ్చాడు. లాభం లేదు. వెనకున్న పవర్ సప్లై డబ్బా దగ్గర ముక్కు పెట్టి వాసన చూశాడు. తర్వాత గోడ మీది ప్లగ్గుల బోర్డుని పట్టుకుని నా టార్చి కిందికి లాగాడు. ఒక కన్నం చుట్టూ ప్లాస్టిక్కు కమిలి, గోధుమరంగులో పొంగి ఉంది. కంప్యూటర్ ప్లగ్గుతో బోర్డు అలా కాలదు. అది ఇస్త్రీపెట్టె పనే.

తలుపు సందులోంచి అక్క వేళ్ళకి చుట్టుకున్న తీగ కనిపించింది. ఆవిడ ఉద్యోగం మా బాబాయి నోట్లో ఉంది. ఆ నోటి సంగతి నాకు తెలుసు.

"బాబాయ్, చెప్పకు" అన్నాను.

"టార్చి సరిగ్గా పట్టుకో" అని కసిరాడు. బోర్డు ఊడబీకి తన సంచిలో అడుక్కి తోసేశాడు. సంచిలోంచే ఓ పాత పవర్ సప్లై తీసి బిగించాడు. మీట నొక్కితే ఫ్యాను పూర్తిగా తిరిగింది, ఓ కూత వినబడింది, ఆరువందల నలభై మంది పిల్లలూ తెర మీదికొచ్చారు. నేను ఊపిరి పీల్చుకునేలోగా ఆయన చొక్కా జేబులోకి చెయ్యి పోనిచ్చి, తలుపు తీసి, రెండు వేళ్ళు పైకెత్తాడు.

"ఇదిగో దొంగ! బ్యాటరీ. వయసైపోయింది. మనుషులు చేసిందేమీ లేదు."

అందరూ ఆ బిళ్ళ వంక చూశారు. నేనూ చూశాను. దాని మీద, అంచులు కాస్త చెరిగిపోయి, ఇంత లావు ఎర్రచుక్క ఉంది.

"చూశారా? అనవసరంగా మా అక్కని ఏడిపించారు" అన్నాడు ఓనరు, గెలిచినవాడిలా.

"ఏడిపిస్తాను! అసలు తప్పంతా మీది. కిటికీ దగ్గర ప్లగ్గు ఎలా ఉందో చూశారా? రేపటికల్లా దాన్ని బాగుచేయించకపోతే ఈ కంప్యూటర్‌కి నేను పూచీ పడను. కొత్త బోర్డు కూడా తెప్పించండి, పాతది నేను పారేస్తున్నాను." వెళ్తూ అక్క దగ్గర ఒక్క క్షణం ఆగాడు. "నువ్వా తీగ చుట్టడం ఆపు తల్లీ, తెగిపోతుంది. రేపట్నించి నీ ప్లగ్గులోనే పెట్టుకో." అక్క తలూపి, తీగని చేతినుంచి విప్పేసింది.

స్కూటరు దగ్గర పట్టుకున్నాను.

"ఊరందరికీ ఆ ఒక్క బ్యాటరీనే చూపిస్తున్నావా బాబాయ్?"

"మరి? ఒక్కో కేసుకి ఒక్కో దొంగని ఎక్కణ్ణించి తేను?"

"అలాంటప్పుడు ఆ అరుపులెందుకు? నెమ్మదిగా వచ్చి బ్యాటరీ అని చెప్పి పోవచ్చుగా?"

"నెమ్మదిగా చెబితే మీ ఓనరు కోపం ఎక్కడికి పోతుందే? కాచి కాచి ఉంచాడు, ఎవరో ఒకరి మీద పొయ్యాలిగా. నా మీద పోశాడు. నేనెలాగూ ఇక్కణ్ణించి వెళ్ళిపోయేవాణ్ణి" అని హెల్మెట్ పెట్టుకున్నాడు.

ఇన్నేళ్ళుగా అందరూ ఈయన మీద పోసిన కోపమంతా నాకు ఒక్కసారిగా గుర్తొచ్చింది. అయినా నా పరువు కాపాడుకోవాలిగా.

"సరేలే. మా ఇంట్లో మాత్రం నిజంగా బ్యాటరీయే కదా?"

బాబాయి కళ్ళు ఎర్రబడ్డాయి. "బ్యాటరీయా! మామూలు బిస్కెట్టయినా దులిపేవాణ్ణి. క్రీము బిస్కెట్! సూదితో గీకడానికి రెండు గంటలు పట్టింది! ఇప్పటికీ తలుచుకుంటే ఒళ్ళు మండిపోతుంది!"

"బాబాయ్, ఆ రోజు నేను..."

"నోర్ముయ్! నీ వంతొచ్చిందా?" అని స్కూటరు తన్ని వెళ్ళిపోయాడు.