పెనుకొండలో వదిలేసిన బస్సు

హిందూపురంలో ఒక చిన్న కేంద్రంలో కృత్రిమ కాళ్లు తయారుచేసి అమర్చడం నా పని. ఇల్లు ధర్మవరంలో, రోజూ రైల్లో వెళ్లి వస్తాను. ఉత్తర శ్రీలంకలో యుద్ధకాలపు మందుపాతరల వల్ల కాళ్లు పోయినవాళ్లకు శిబిరం పెడుతున్నామనీ, మూడు వారాలు స్వచ్ఛందంగా పనిచేసేవాళ్లు కావాలనీ పాత సహోద్యోగి ఒకామె అడిగితే సెలవు పెట్టి వెళ్లాను. సేవాభావం ఒక్కటే కాదు. పన్నెండేళ్లుగా ఒకే గదిలో అచ్చులు పోస్తూ, నా చేతిమీదుగా వెళ్లిన కాళ్లు ఇళ్లకు చేరాక ఏమవుతున్నాయో తెలియక పని మీద విసుగొచ్చింది. అక్కడ నలభై మందికి పైగా నడిచారు. కానీ నేను రాయాలనుకున్నది తిరుగు ప్రయాణం గురించి.

కొలంబో నుంచి బెంగళూరుకు విమానంలో గంటన్నర. ఉదయం ఎనిమిదిన్నరకు దిగాను, నా పెట్టె మాత్రం దిగలేదు. పనిముట్లన్నీ అందులోనే ఉన్నాయి. ఫిర్యాదు రాసిచ్చి రసీదు తీసుకుని బయటపడేసరికి పది. హిందూపురం వైపు వచ్చేవాళ్లు బెంగళూరు ఊళ్లోకి వెళ్లనక్కర్లేదు. తొమ్మిది వందలకు టాక్సీ మాట్లాడుకుని దొడ్డబళ్లాపురం చేరి, అక్కడ గౌరిబిదనూరు మీదుగా వచ్చే బస్సు ఎక్కాను. ఒంటిగంట దాటాక హిందూపురంలో దిగి, బస్టాండు పక్క మెస్సులో రాగిముద్ద, పప్పు తిన్నాను. వడ్డించే ఆమె నా మొహం చూసి, అడగకుండానే ఇంకొంచెం పప్పు పోసింది. మూడు వారాల తర్వాత కడుపు నిండింది.

రెండు గంటలకు బయల్దేరే ధర్మవరం బస్సులో కండక్టరు ఆధార్ చూసి ఆడవాళ్లకిచ్చే ఉచిత టికెట్ కొట్టిచ్చాడు. నా ముందు సీటులో యాభై దాటిన భార్యాభర్తలు. ఆయనకు ఎడమకాలు మోకాలి కింద లేదు, పంచె అంచు మడిచి దోపుకున్నాడు. ఆమె ఒళ్లో గోనెసంచి ఉంది, దాని మూతిలోంచి ఒక పాదం బయటికి కనబడుతోంది. రబ్బరు పాదం. అలాంటివి నేను వందల్లో బిగించాను.

ఊరుకుందామనే అనుకున్నాను. చేతిలో పనిముట్లు లేవు, కంటికి నిద్ర లేదు. కానీ బస్సు ఊరు దాటకముందే నోరు ఊరుకోలేదు.

“అన్నా, ఆ కాలు ఎందుకు తీసి పెట్టినావు?”

“నొస్తాదమ్మా. అడుగేస్తే ఎముక మీద సుత్తితో కొట్టినట్ల ఉంటాది,” అన్నాడు.

ఆయన పేరు ఓబులేసు, ఆమె గంగమ్మ. ముదిగుబ్బ దగ్గర పల్లె, గొర్రెలు మేపుకునే ఇల్లు. మంద రోడ్డు దాటుతుండగా టెంపో గుద్ది మూడేళ్ల కిందట కాలు పోయింది. ఏదో ఉచిత శిబిరంలో ఈ కాలు ఇచ్చారు. ఎనిమిది నెలలు బాగా నడిచాడు, తర్వాత నొప్పి మొదలై మూలన పెట్టేశాడు. చంకకర్రలతో రాళ్ల వంకల్లో మంద వెంట తిరగలేకపోయాడు. బంధువుల ముందు కర్రలతో పోవడం ఇష్టంలేక ఆరోజు కాలు తగిలించుకుని పరిగిలో బామ్మర్ది ఇంటికి వెళ్లాడు, వచ్చేటప్పుడు భరించలేక హిందూపురంలో విప్పేశాడు. వెళ్లిన పని, నలభై గొర్రెలనూ బామ్మర్దికి అప్పగిస్తానని మాటివ్వడం.

“రేపు పొద్దున బండొస్తాది,” అంది గంగమ్మ. “జీవాలు పోతే ఈయప్ప ఇంట్లో కూకొని ఏం చేస్తాడో నాకు తెలీదు.”

కాలు చూడనిస్తారా అని అడిగాను. పుండు లేదు. చివర చర్మం ఎర్రగా కందింది, అంతే. సంచిలోని కాలు తీసి పెట్టి చూస్తే పక్కన రెండు వేళ్లు సులువుగా దూరాయి.

“ఇది చెడిపోలేదన్నా. నీ కాలు సన్నబడింది. వదులై లోపలికి జారి అడుక్కి తగులుకుంటాంది. కొత్తలో అందరికీ ఇట్లే అవుతుంది.”

“ఆ మాట ఆడ ఎవరూ చెప్పలేదే,” అన్నాడు ఓబులేసు నిదానంగా.

పన్నెండేళ్లలో నేను ఎంతమందికి చెప్పాను? కాలు బిగించి, జాగ్రత్తగా నడవమని పంపేసినవాళ్లే ఎక్కువ.

ఆ వదులు సరిచేయడం కదిలే బస్సులో అయ్యే పని కాదు. మూడు దాటాక పెనుకొండ వచ్చింది. గంటలోపు వెనక ఇంకో బస్సుందని కండక్టరు చెప్పాడు. ఇక్కడ దిగి సరిచేసుకుందామంటే ఓబులేసు దిగనన్నాడు. మాటిచ్చేశాక ఇప్పుడు చూసి ఏం లాభమన్నాడు. గంగమ్మ ముందు లేచింది.

“దిగు. మూడేళ్లుగా నిన్ను మోస్తాండా, ఇంకొక గంట మోస్తా.”

శ్రీలంక శిబిరంలో కాలు పోయిన సెల్వి అనే కుట్టుపని ఆమె ఉండేది. కృత్రిమ కాలి లోపల వేసుకునే తొడుగులు పాత బనియన్ గుడ్డతో తనే కుట్టుకునేది, కుట్టు పైవైపుకు ఉండేలా, ఎముక చివర మీదికి రాకుండా. ఆమెకు నేర్పడానికి వెళ్లి నేనే నేర్చుకున్నాను. పెనుకొండ బస్టాండు ఎదురు అంగట్లో రెండు నూలు బనియన్లు, సూదీదారం కొన్నాను, అంతా కలిపి రెండొందల అరవై. నేను కత్తిరించాను, బెంచీ మీద కూర్చుని గంగమ్మ కుట్టింది. నా కుట్టుకంటే ఆమెది సన్నం. ఒక పొర వేస్తే ఇంకా వదులే. రెండో పొర వేశాక కాలు బిగువుగా కూర్చుంది.

ఓబులేసు స్తంభం పట్టుకుని లేచాడు. నొప్పి వస్తుందని ముందే పళ్లు బిగబట్టి అడుగేశాడు. ఇంకొకటి వేశాడు. పది అడుగుల తర్వాత కూర్చోబెట్టి, విప్పి, చర్మం చూశాను. బాగానే ఉంది. మళ్లీ తొడుక్కుని ఈసారి బస్టాండు చివరిదాకా వెళ్లాడు. గంగమ్మ సూదికి మిగిలిన దారం చుడుతూనే ఉంది, తలెత్తలేదు.

తిరిగి వచ్చి నా ఫోన్ అడిగి తీసుకున్నాడు. “మారెన్నా, రేపు బండి తోలద్దప్పా. జీవాలు ఈడనే ఉంటాయి,” అన్నాడు బామ్మర్దితో. అవతల ఏమన్నారో గానీ చాలాసేపు విన్నాడు. చివరికి, “నేను నడుస్తాండా,” అన్నాడు.

ఆరింటికి ధర్మవరంలో దిగాం. ఇది తాత్కాలికమనీ, కందితే వెంటనే విప్పెయ్యమనీ, మా కేంద్రానికి తప్పక రమ్మనీ మూడుసార్లు చెప్పాను. ముదిగుబ్బ బస్సు మెట్లు ఆయన తనంతట తానే ఎక్కాడు.

పది రోజులకు ఇద్దరూ వచ్చారు. కొత్త కొలతలు తీసుకుని, మొండికాలు కూర్చునే గిన్నెను బిగువుగా మళ్లీ చేసిచ్చాను. ఇంకా కుంటుతున్నాడు, మధ్యాహ్నం ఒక గంట మందను నీడన ఆపి కాలు విప్పి ఆరబెట్టుకుంటాడట. మంద మాత్రం ఆయనదే. ఆ వారం నుంచి మా పాత రిజిస్టరు తీసి, నేను కాళ్లు అమర్చినవాళ్లకు రోజుకు ఐదుగురి చొప్పున ఫోన్ చేస్తున్నాను. కొందరి కాళ్లు అటక మీద ఉన్నాయి. వాళ్లలో కొందరు బయల్దేరి వస్తున్నారు. సముద్రం దాటి వెళ్లి చేసిన పని మంచిదే. అది ఎలా పూర్తి చేయాలో మాత్రం ఇంటి దారిలోనే తెలిసింది.

ఇలాంటి పని మీద వెళ్లొచ్చేవాళ్లకు ఒక్క సూచన: తిరిగి దిగిన రోజు సాయంత్రానికి ఏ పనీ పెట్టుకోకండి. హిందూపురం నుంచి ధర్మవరానికి పగటిపూట బస్సులు బాగానే ఉంటాయి. ఒకటి వదిలేసినా ఇంకొకటి దొరుకుతుంది.