పోర్ట్ తెరవమన్న లెటర్లు

మా కాలేజీలో ఫైర్‌వాల్ కాపలా నాదే. ఫైర్‌వాల్ అంటే బయటి ఇంటర్నెట్‌కూ మాకూ మధ్య గోడ. పోర్ట్ అంటే ఆ గోడలో తలుపు. ఏ తలుపు తెరవాలన్నా హెచ్‌ఓడీ సంతకంతో లెటర్ ఇవ్వాలని నేనే రూలు పెట్టాను. కోరి తలనొప్పి తెచ్చుకున్నాను.

గేటు ముందు జిరాక్స్ షాపాయన ఒక లెటర్ రెడీగా పెట్టుకున్నాడు. ‘ప్రాజెక్టు పని నిమిత్తం’ అని మొదలవుతుంది, కింద పోర్ట్ నంబర్లు. అవి ప్రాజెక్టువి కావు, ఆన్‌లైన్ తుపాకుల ఆటవి! పేరు, రోల్ నంబరు మార్చి ప్రింటు తీసిస్తాడు. హెచ్‌ఓడీ చదవకుండా సంతకం గీకేస్తాడు. రోజూ నా బల్ల మీద అవే కాగితాలు, బల్ల ముందు హాస్టల్ కుర్రాళ్ళు.

"సార్, జర ఓపెన్ చేయుండ్రి. హాస్టల్ల బోర్ కొడ్తుంది."

"ప్రాజెక్టంటివి కదరా!"

"అవ్ సార్, గది గూడ చేస్తం."

ఒళ్ళు మండేది. లెటర్‌లో ఆ ‘ప్రాజెక్టు’ వాక్యం కనబడితే చాలు, అడ్డంగా గీత కొట్టి ట్రేలో పడేసేవాణ్ణి.

ఒకరోజు పొద్దున ల్యాబ్‌లోని ఒక కంప్యూటర్ నుంచి, మూసి ఉన్న ఒక పోర్ట్ గుండా బయటికి పోవాలని ఆగకుండా ప్రయత్నాలు నా తెర మీద కనిపించాయి. దొరికాడ్రా ఇవాళ, అనుకుంటూ మెట్లు దిగి పరుగెత్తాను.

అక్కడ ఆటా లేదు, పాటా లేదు. ములకలపల్లి అవతలి అడవి ఊరి నుంచి వచ్చిన ఫైనలియర్ అమ్మాయి ఒక్కతే కూర్చుని ఉంది. తెర మీద ఉద్యోగానికి ఆన్‌లైన్ పరీక్ష. ఆ పోర్ట్ మూసి ఉండటంతో ప్రశ్నలు రావడం లేదు, గడియారం మాత్రం నడుస్తోంది. తొమ్మిది నిమిషాలు మిగిలాయి.

"ముందే లెటర్ ఇవ్వొద్దా తల్లీ!" అని అరిచాను.

"సోమవారమే ఇచ్చిన సార్. షాపాయన గదే లెటర్ కొట్టిచ్చిండు. పరీక్ష సంగతి, అసలు నంబరు వెనక పేజీల చేత్తో రాసిన. మీరు తిప్పలే."

సిగ్గుతో చచ్చిపోయాను. నంబరు సరిచూసుకుని పైకి పరుగెత్తాను. ఫైర్‌వాల్ పాత యంత్రం, ఆ పోర్ట్ తెరవడానికి సతాయించింది. నేను కిందికి వచ్చేసరికి సమయం ముగిసిందని తెర మీద ఉంది. ఆమె ఏడవలేదు. నన్ను నాలుగు తిట్టినా బాగుండేది.

బల్ల మీద ఆమె ఫోన్ మోగింది. ఎత్తలేదు, నా వైపు చూసింది.

"మా అమ్మ సార్. ఊర్ల సిగ్నల్ లేదని పొద్దుగాల్నే గుట్టెక్కి కూసున్నది. ఏం చెప్పాలె?"